కూలి కోసిన చెయ్యే మాటనూ కోసింది
తెలంగాణ నవలలో బతుకు, భాష

(జిల్లా గ్రంథాలయంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక లోపలికి వస్తుంటే రీడింగ్ రూముల ఒక తమ్ముడు పోటీ పరీక్షల పుస్తకం ముంగటేసుకొని చదువుతున్నడు. తొంగి చూసిన. ‘చిల్లర దేవుళ్లు నవల రాసింది ఎవరు?’ అని ప్రశ్న. కింద నాలుగు పేర్లు. తమ్ముడు సరైన పేరుకే టిక్కు పెట్టిండు. ‘తమ్మీ, ఆ నవల చదివినవా?’ అని అడిగిన. ‘లేదు సార్, బిట్టు వరకే’ అన్నడు. ఆ తమ్మునిది తప్పు లేదు. కొలువు కావాలె, దినానికి ఇన్ని బిట్లు అని లెక్క పెట్టుకొని చదువుతున్నడు. గని నాకు కలుక్కుమన్నది. ఒకనాడు మన బతుకు పుస్తకాలల్ల లేదని కొట్లాడినం. ఇయ్యాల బతుకు పుస్తకాలకు ఎక్కింది, పుస్తకం బిట్టు అయింది. అందుకే రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి ఆ తమ్మునితోనే మాట్లాడినట్టు మాట్లాడుత.

ఎర్ర సిరా, బీడీ కట్టలు

ముందుగాల నా ముచ్చట ఒకటి చెప్త. మా అమ్మ బీడీలు చేసేది. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు చేసి కార్ఖానకు తీస్కపోయేది. అక్కడ ఒకాయన కట్టలు చూసి, ‘ఇది లూజు, ఇది పొట్టి’ అని పక్కకు పడేసేటోడు. పడేసిన బీడీకి కూలి లేదు. మారు మాట్లాడితే రేపటి ఆకు లేదు.

నేను బడిల ఐదో తరగతి. ‘మా ఇల్లు’ అని వ్యాసం రాయమన్నరు. మా నాయిన అంగి తొడుక్కొని పొద్దుగాల పనికి పోతడు, అమ్మ బువ్వ వండుతది, బాపమ్మ అర్రల పంటది అని రాసిన. పంతులు ‘అంగి’ కొట్టేసి ‘చొక్కా’ అని రాసిండు. ‘బువ్వ’ కొట్టేసి ‘అన్నం’, ‘అర్ర’ కొట్టేసి ‘గది’ అని రాసిండు. ఎర్ర సిరా. పదికి మూడు మార్కులు. అదే దినం అమ్మ కార్ఖాన నుంచి వచ్చి నాలుగు కట్టలు తీసేసిండ్రని ఏడ్చుకుంట కూసున్నది. నాకు ఇప్పటికీ యాది ఉన్నది. అమ్మ చేతుల కట్టలు తీసేసిండ్రు, నా చేతుల మాటలు తీసేసిండ్రు. ఆ వయసుల రెండూ వేరువేరు అనుకున్న. ఇంటర్ చదివేటప్పుడు ఊరి గ్రంథాలయంల దాశరథి రంగాచార్య నవల చేతికి వచ్చింది. అందుల మనుషులు మా బాపమ్మ లెక్క మాట్లాడుతున్నరు. ఎవ్వడూ ఎర్ర సిరాతో కొట్టెయ్యలేదు. అప్పుడు సమజైంది, ఆ రెండు దెబ్బలూ ఒకటేనని.

ఇయ్యాల నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. తెలంగాణ నవలల మనిషి పేదరికం ఒక అధ్యాయం, సంస్కృతి ఇంకో అధ్యాయం కాదు. గింజలు కొలుచుకపోయినోడే మాటను గుంజుకపోయిండు. మాటను గుంజుకుంటె గింజలు అడిగే నోరు ఉండదు. మన మంచి నవలలన్నీ ఈ సంగతే చెప్తయి.

పుస్తకాల సంచి మోసినోడు రాసిన నవల

వట్టికోట ఆళ్వారుస్వామి పేరు మీకు తెలుసు. 1915ల పుట్టిండు, 1961ల పోయిండు. నలభై ఆరేండ్ల బతుకు కూడ నిండలేదు. పంతులు ఇంట్ల వంట చేసి, హోటల్ల పని చేసి చదువు నేర్చుకున్నడు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసిండు. ఆ పుస్తకాలను తనే మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు, నిజామాబాద్ జైలుల దాశరథి కృష్ణమాచార్యకు తోడున్నడు. అంతకు నాలుగేండ్ల ముందు, 1934ల, తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను చూపెట్టిండు. ‘మేము ఉన్నం’ అని చెప్పుడు అది. ఆళ్వారుస్వామి ఇంకో అడుగు ముందటికేసి, ‘మేము ఎట్ల ఉన్నమో చూడుండ్రి’ అన్నడు.

1950లల్ల వచ్చిన ‘ప్రజల మనిషి’ తెలంగాణ పల్లెను తెలంగాణ మనిషే నిండుగ రాసిన తొలి నవల అని చాలమంది లెక్క. నిజామాబాద్ దిక్కు దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు దొర, ఆయనకు ఎదురు నిలిచిన కంఠీరవం. 1930ల నాటి కథ. వెట్టి ఉన్నది, భూమి గుంజుకునుడు ఉన్నది, బయటి నుంచి వస్తున్న ఆంధ్రమహాసభ గాలి ఉన్నది. మతం మారే ముచ్చట కూడ ఉన్నది.

ఈ మతం ముచ్చట దగ్గర జెర ఆగుదాం. వెట్టి చేసి చేసి విసిగిన దళితుడు మతం మారితే వెట్టి తప్పుతదా అని ఆలోచిస్తడు. దేవున్ని మార్చుకునేదాక ఎందుకు పోయిండు? నెత్తి మీది మోత దిగుతదని. కులం, మతం, పేరు, మొక్కే దేవుడు, ఇవన్నీ మనం అస్తిత్వం అంటున్నం. ఆ అస్తిత్వం బరువెంతో తూకం వేసింది వెట్టి. కూలి లేని పని తీసేసి ఆ మనిషి మతం గురించి మాట్లాడితే సగం అబద్ధమైతది. ఈ సంగతి ఆళ్వారుస్వామికి ఎరుకే. ఆ తర్వాతి కాలం మీద ఆయన ‘గంగు’ మొదలుపెట్టిండు. ఆడపిల్ల పేరే నవలకు పేరు. అది పూర్తి కాకముందే ఆయన పోయిండు. పోయినంక అది అట్లనే అచ్చయింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగ చెప్పాలె. తెలంగాణ సాయుధ పోరాటం మీద ముందుగాల నవల రాసినోళ్లల్ల గుంటూరు జిల్లా బొల్లిముంత శివరామకృష్ణ ఉన్నడు. ‘మృత్యుంజయులు’ 1947లనే వచ్చింది. తర్వాత మహీధర రామమోహనరావు రాసిండు. వాళ్లకు మనం రుణపడి ఉన్నం. దూరం నుంచి వచ్చిన ప్రేమ అది. గని పోరాటాన్ని చూసి రాసుడు వేరు, పోరాటం పుట్టకముందు కడుపుల మంటను ఎరిగి రాసుడు వేరు. ఆ రెండో పని ఇక్కడోళ్లే చేయవలసి వచ్చింది.

చిన్న దేవుళ్లు, ఆడబాప

ఇగ ఆ తమ్ముడు టిక్కు పెట్టిన నవల. ‘చిల్లర దేవుళ్లు’ 1970 ప్రాంతంల అచ్చయింది. దాశరథి రంగాచార్య మానుకోట దిక్కు చిన్నగూడూరోడు. పోరాటంల పని చేసిండు, సికింద్రాబాద్ మున్సిపాలిటీల నౌకరి చేసిండు. ఉద్యోగ సోదరులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలె. ఫైళ్లు చూసుకుంటనే మూడు తరాల తెలంగాణను రాసిండు. పోరాటం ముందటి కాలం ‘చిల్లర దేవుళ్లు’, పోరాట కాలం ‘మోదుగుపూలు’, తర్వాతి కాలం ‘జనపదం’.

పేరులనే నవల ఉన్నది. పెద్ద దేవుడు హైదరాబాద్‌ల ఉంటడు, నిజాం. ఊర్ల ఉన్నయి చిల్లర దేవుళ్లు, అంటె దొర, కరణం. పెద్ద దేవుడు కనపడడు, చిల్లర దేవునికి పొద్దున లేస్తే మొక్కాలె. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్న మాట అక్కడ పలకరింపు కాదు, పన్ను. ధాన్యం కొలిచినట్టే ఆ మాట కూడ రోజూ కొలవాలె. నాగు తెచ్చుకున్న వడ్లకు పంట చేతికొచ్చినంక ఒకటికి ఒకటిన్నర కొలిచేటోడు మన రైతు. వడ్లకు వడ్డీ, మనిషి వంచిన నడుముకు లెక్కే లేదు.

ఆ నవలల మనం మర్చిపోగూడని మనిషి వనజ, గడీల ఆడబాప. ఈ మాట కొత్త పిల్లలకు తెల్వది. దొర ఇంటి ఆడబిడ్డ పెండ్లి అయి పోతుంటే సామానుతోటి ఒక పేదింటి పిల్లను కూడ పంపేటోళ్లు. ఆ పిల్ల ఆ ఇంట్ల చాకిరీ చేయాలె, మొగోళ్లకు లొంగాలె. పెండ్లి లేదు, ఇల్లు లేదు, కన్న పిల్లలకు తండ్రి పేరు లేదు. ఆర్థిక శాస్త్రంల ఈమె ఏ లెక్కల వస్తది? కూలి కాదు, జీతగత్తె కాదు, పనిమనిషి కూడ కాదు. చరిత్ర పుస్తకం ఒక వాక్యంతోటి దాటిపోతది. నవల ఆమెకు పేరు పెట్టింది, మనసు ఇచ్చింది. నవల చేసే పని ఇది. లెక్కల పుస్తకంల పేరు లేని మనిషికి పేరు పెడతది.

ఇంకొక సంగతి. ఈ ఊరిని మనకు చూపెట్టే సారంగపాణి ఆంధ్ర దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చిన సంగీత విద్వాంసుడు. రంగాచార్య అతన్ని విలన్ చేయలేదు. అతని కండ్లతోటే వెట్టిని మనకు చూపెట్టిండు. పొట్ట పట్టుకొని వచ్చినోడు శత్రువు కాదు. మంది మీద పెత్తనం చేసెటోడు శత్రువు, వాడు ఏ దిక్కోడైనా సరే. మన ఉద్యమం కూడ చెప్పిన మాట ఇదే. నవల చాన ముందుగాల చెప్పింది.

ఇగ భాష ముచ్చట. రంగాచార్య పాత్రల నోట మన పలుకు పెట్టిండు. అప్పటికి మన భాషను ‘యాస’ అనేటోళ్లు. నాటకాలల్ల, సినిమాలల్ల నవ్వులాటకు, రౌడీకి మన మాట పెట్టేటోళ్లు. అసొంటి కాలంల నవలల కష్టపడే మనిషి, ప్రేమించే మనిషి, ఎదిరించే మనిషి మన మాట మాట్లాడిండు. ఇది చిన్న పని కాదు. గని ఒక కొరత కూడ చెప్పుకోవాలె. పాత్ర మాట మనది, రచయిత మాట బడి భాష. కొటేషన్ గుర్తుల లోపల మనం, బయట వేరేటోళ్లు. నేను ఆయనను తప్పు పడతలేను. నేనే ఈ వేదిక మీద ఇట్ల మాట్లాడటానికి నలభై ఏండ్లు పట్టింది. ఇప్పటికీ ఆఫీసుకు ఉత్తరం రాస్తే చెయ్యి దానంతటదే చొక్కా తొడుక్కుంటది. ఎర్ర సిరా అంత లోతుకు దిగింది.

కొలిమి, అడవి

తర్వాతి తరం అల్లం రాజయ్యది. మంథని దిక్కోడు. 1978ల జగిత్యాల రైతుకూలీల కదలిక చూసిన కాలం అది. ‘కొలిమంటుకున్నది’ నవలల ఊరు దొర ముంగట నిలబడి కూలి రేటు అడుగుతది, పాలుకు తీసుకున్న భూమి అడుగుతది. అంతకుముందటి నవలల చదువుకున్న హీరో వచ్చి పల్లెను లేపుతడు. ఇక్కడ జీతగాడే లేస్తడు. లేచినప్పుడు ఏం మారింది? ముందుగాల మాట మారింది. ‘నీ బాంచెన్’ అన్నోడు పేరు పెట్టి పిలిచిండు. కూలి పెరగకముందే గొంతు పెరిగింది.

సాహు, అల్లం రాజయ్య కలిసి 1983ల ‘కొమురం భీం’ రాసిండ్రు. భీం 1940ల జోడేఘాట్ల నేలకొరిగిండు. ఆయన చనిపోయినంక నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోవాలని హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మంచి పని చేసిండు, కాదనలేం. గని రిపోర్టుల గోండులు ఒక సమస్య. నవలల గోండులు మనుషులు. మేతకు పోయిన పశువుకు పన్ను, కొట్టిన పోడుకు జుర్మానా, అడవిల కట్టె తెచ్చుకుంటె దొంగతనం. వాళ్ల పండుగ, వాళ్ల పాట, వాళ్ల దేవర అన్నీ ఆ అడవిలనే ఉన్నయి. అడవి పోతె తిండి పోవుడు ఒక్కటే కాదు, దేవుడు కూడ పోతడు. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలను ఆర్థిక డిమాండు అనాల్నా, సాంస్కృతిక డిమాండు అనాల్నా? విడదీసి చెప్పే మొనగాడు ఉంటె చెప్పమనుండ్రి.

గుడ్డెలుగు ఎక్కువనా, భూమి ఎక్కువనా

దొర గడీ కూలినంక కథ అయిపోలేదని చెప్పిన నవల పెద్దింటి అశోక్ కుమార్ ‘జిగిరి’. 2006 ప్రాంతంల వచ్చింది. సిరిసిల్ల దిక్కు రచయిత. గుడ్డెలుగును ఆడించి బతికే ఇమాం కథ. ఎలుగు పేరు షాదుల్. ఇమాంకు అది కొడుకు లెక్క, జిగిరి దోస్తు. కన్న కొడుకు చాంద్‌కు మాత్రం అది బరువు. సర్కారు భూమి ఇస్తనంటది, భూమి రావాలంటె ఎలుగు అడ్డం.

మిత్రులారా, ఈ నవలల దొర లేడు, విలన్ లేడు. సర్కారుది మంచి పథకమే. జంతువును హింస పెట్టొద్దన్న చట్టం మంచిదే. కొడుకు అడిగేది కూడ న్యాయమే, ఎన్నాళ్లు ఊరూరు తిరిగి బిచ్చమెత్తినట్టు బతకాలె? తండ్రి బాధ కూడ న్యాయమే, చేతుల పెరిగిన ప్రాణిని ఎట్ల పారేస్తడు? అందరూ మంచోళ్లే, ఇల్లు మాత్రం రెండు ముక్కలైతది. సంచార జాతుల మనిషి ముంగట మన అభివృద్ధి ఎప్పుడూ ఈ ప్రశ్నే పెడతది. బతుకు కావాల్నా, నీ తీరు కావాల్నా, ఒకటే కోరుకో. ఉన్నోన్ని ఎవ్వరూ ఇట్ల అడగరు. ఉన్నోడు తన తీరును తన ఆస్తితోపాటు దాచుకుంటడు. లేనోడే ఒకటి అమ్మి ఒకటి కొనుక్కోవాలె. ఈ ఒక్క సంగతి సమజైతే సంక్షేమ శాఖల పని చేసే ఉద్యోగి దరఖాస్తు చూసే చూపు మారుతది.

ఇదే హైదరాబాద్‌ల ఇంకో భాషల ఇంకో నవల ఉన్నది. జీలానీ బానో ఉర్దూల రాసిన ‘ఐవాన్-ఎ-గజల్’. నవాబుల ఇండ్లు కూలుతుంటే లోపలి ఆడోళ్ల గోస ఏందో రాసింది. తెలంగాణ నవల అంటె తెలుగు నవల ఒక్కటే కాదు. ఉర్దూను పక్కకు పెడితే మన ఇంట్ల సగం అర్రలకు తాళం వేసినట్టే.

దొర మాట్లాడింది కూడ మన భాషే

చివరికి జెర కష్టమైన మాట చెప్త, తప్పుగ అనుకోవద్దు. 2014 జూన్ 2 నాడు మన రాష్ట్రం వచ్చింది. దానికోసం ప్రాణాలిచ్చిన పిల్లలు మన కండ్ల ముంగటనే ఉన్నరు. అప్పటి నుంచి మన భాష, మన బతుకమ్మ, మన బోనం సర్కారు వేదికలెక్కినయి. సంతోషం. సినిమాలల్ల హీరోలు మన మాట మాట్లాడుతున్నరు, ఇంకా సంతోషం. గని ఈ నవలలు మళ్లీ తెరిచి చూడుండ్రి. రామభూపాలరావు మాట్లాడింది ఏ భాష? చిల్లర దేవుడు తిన్నది ఏ తిండి? వాళ్లూ మన భాషే మాట్లాడిండ్రు, మన పండుగే చేసిండ్రు. గడీల కూడ బతుకమ్మ ఆడిండ్రు. పువ్వులు తెంపుకొచ్చినోళ్లు వెట్టోళ్లు.

అంటె భాష మనదైనంత మాత్రాన న్యాయం మనది కాదు. లెక్క అడగని అస్తిత్వం పండుగ నాటి పట్టుబట్ట లెక్క, తెల్లారి పెట్టెల పెడతం. భాష లేని సంక్షేమం కూడ అట్లనే, బియ్యం ఇచ్చి నోరు మూయమంటది. రెండూ ఒకచోట పెట్టి అడిగినందుకే ఆళ్వారుస్వామి, రంగాచార్య, రాజయ్య, అశోక్ కుమార్ మనకు కావాలె. తమ్ముని పరీక్షకు వాళ్ల పేర్లు చాలు. మన బతుకుకు వాళ్ల ప్రశ్న కావాలె.

ఇంకా రాయవలసినవి చాన ఉన్నయి. దుబాయి పోయి పెట్టెల తిరిగొచ్చిన కొడుకు ఇల్లు, బోరు మీద బోరు వేసి అప్పుల మునిగిన రైతు భార్య, మా అమ్మ లెక్క వేళ్లు నల్లబడ్డ బీడీ అక్కలు, నెల నెల సంతకం పెట్టి సగం జీతమే తీసుకునే కాంట్రాక్టు ఉద్యోగి. కథలు వస్తున్నయి, పాటలు వస్తున్నయి. నవల వానకాలం పంట కాదు, మామిడి చెట్టు. కూసొని ఏండ్లకేండ్లు నీళ్లు పోయాలె.

విద్యార్థి మిత్రులకు ఒకటే పని చెప్త. ఇంటికి పోయినంక మీ బాపమ్మనో అమ్మమ్మనో అడుగుండ్రి. ‘మనింట్ల మొదటి అప్పు ఎవరి దగ్గర చేసిండ్రు, ఎందుకు చేసిండ్రు, ఆ అప్పు తీర్చేటప్పుడు వాళ్లు మనల్ని ఏమని పిలిచిండ్రు?’ ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబు ఆమె మాటలల్లనే రాసి పెట్టుండ్రి. దిద్దకుండ్రి. ఉద్యోగులు మీ కాడికి వచ్చిన రైతు చెప్పిన మాటను అతని మాటలనే వినుండ్రి, ‘సరిగ్గ మాట్లాడు’ అనకుండ్రి.

రీడింగ్ రూముల కూసున్న తమ్మీ, నీ టిక్కు కరెక్టే, మార్కు నీకే. బయటికి పోయేటప్పుడు ఆ మూల బీరువాల చూడు. ఆ నవల అక్కడనే ఉన్నది, ఇందాకనే చూసొచ్చిన. దుమ్ము పట్టింది. దులుపుకొని ఇంటికి తీస్కపో.

జై తెలంగాణ.